టెస్టయ్య గారి పట్టుచీర

కొత్త గుడ్డ మడత విప్పితే వచ్చే గంజి వాసనకు అందరికీ పండగలు గుర్తుకొస్తాయట. నాకు నా తెలివితక్కువతనం గుర్తుకొస్తుంది, దాని వెనకే వసుంధర మేడం. మొన్న బెంగళూరులో మా ఆఫీసువాళ్లు టీ షర్టులు పంచారు. పక్క సీటు అమ్మాయి కవరు చించగానే ఆ వాసన గుప్పుమంది. రాస్తున్న ప్రోగ్రాం సగంలో ఆగింది, ఏసీ గది నెమ్మదిగా కరిగిపోయింది, నేను మళ్లీ జమ్మలమడుగు బట్టల కొట్లో తెల్లటి పరుపు అంచున తల దించుకుని కూర్చున్నాను. అలా కూర్చోవడానికి నాలుగేళ్ల ఇంజనీరింగ్ ఒక్కటే చాలదు, పైన కొంత సొంత కృషి కూడా కావాలి.

మేడం కంపెనీ ప్రొద్దుటూరులో, బంగారు అంగళ్ల వీధి వెనక ఒక మేడ మీది రెండు గదులు. బట్టల కొట్లకు, నగల అంగళ్లకు బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లం. చేరిన కొత్తలో నన్ను కంప్యూటర్ ముట్టనివ్వలేదు. పులివెందులకు తీసుకుపోయి ఒక కొట్లో గుమాస్తా పక్కన కూర్చోబెట్టారు. ముద్దనూరు దాటాక బస్సు కిటికీలో ఎండ నీళ్లలా కదులుతుండేది. పొలాల గట్లమీద నిలబెట్టిన నాపరాళ్లు ఎవరి కోసమో వరుసకట్టి ఎదురుచూస్తున్నట్టుండేవి. ఆ మత్తులోనే అడిగాను.

"మేడం, నేను ప్రోగ్రామర్ని గదా. ఆడ కూర్చొని ఏం చేయాల?"

"చూడు. గుమాస్తా యాడ ఆగుతాడో చూడు. ఆయప్ప ఆగిన చోటల్లా మన తప్పుండాది."

సాయంత్రం నేరం కనిపెట్టినవాడిలా చెప్పాను. "ఫోన్ నంబరు అడిగేకాడ అన్నీ తొమ్మిదులే కొడతాండాడు మేడం. ఇది మోసం."

"మోసమేందబ్బీ! ఎదురుగా జనం నిలబడుండారు. మన ప్రోగ్రాం వాడేటోడు తెలివిలేనోడు కాదు, తొందర్లో ఉండేటోడు. ఆ గడి తప్పనిసరి చేసిందెవురు? తీసెయ్."

తప్పనిసరి చేసింది ఆవిడే. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. తన తప్పును కూడా అంత నిర్దాక్షిణ్యంగా తీసెయ్యమనే మనిషిని నేను అంతవరకు చూడలేదు.

కొత్త వెర్షన్ తయారైన ప్రతిసారీ కొట్టుకొట్టుకూ పోయి ఎక్కించి రావాలి. చాలా అంగళ్లలో ఇంటర్నెట్ ఉన్నా లేనట్టే. వెర్షన్ ఉన్న పెన్‌డ్రైవ్ మేడం బ్యాగు దాటి బయటికొచ్చేది కాదు. ఏడాది పోయాక ఒక రోజు దాన్ని నా చేతిలో పెట్టి, "జమ్మలమడుగుకు నువ్వే పోయిరా" అన్నారు. నాకు అది ఉద్యోగం ఇచ్చిన కాగితం కంటే పెద్దది. కంప్యూటర్‌లోకి ఎక్కించాల్సింది బస్సులోనే నా తలకెక్కింది.

పెళ్లిళ్ల కాలం. అక్కడి బట్టల కొట్టు యజమాని శెట్టిగారు తలుపు తీయగానే కొత్త వెర్షన్ ఎక్కించేశాను. పనిచేస్తుందో లేదో చూడాలిగా! టెస్టయ్య అనే ఆసామికి ఒక పట్టుచీర బిల్లు కొట్టాను. ప్రింటరు చక్కగా పలికింది. బిల్లు రద్దు చేసి, కాలుమీద కాలు వేసుకున్నాను. శెట్టిగారు దేవుడి పటాలకు అగరొత్తులు చూపించి, అదే చేత్తో కంప్యూటర్‌కూ చూపించబోయి ఆగారు.

"ఎవురప్పా ఈ టెస్టయ్య? ఈ పక్కల ఆ పేరు యాడా ఇన్లేదే."

"ఊరికే పరీక్షకు కొట్టినా శెట్టిగారూ. క్యాన్సిల్ చేసేసినాలే."

"బోణీ క్యాన్సిల్ చేసినావా?"

నష్టానికైనా ఇస్తారు గానీ బోణీ బేరాన్ని వెనక్కి పంపని మనిషి ఆయన. పరీక్ష రాసింది నేను, తప్పింది ఆయన. "మీ మిషనొద్దు, మీరొద్దు, ఎత్తకపో" అన్నారు. బజారులో మిగతా కొట్లన్నీ ఆయన మాట మీద మా దగ్గర చేరినవే.

ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి మేడం వచ్చారు. చెవిలో చెప్పాను. "ప్రోగ్రాం లోపలికి పోయి ఆ బిల్లు గుర్తే లేకుండా చేసేస్తా మేడం. నిమిషం పని."

"శెట్టిమామ మనసులోకి యాడినుంచి పోతావు?" అని, ఆయనవైపు తిరిగారు. "తప్పు మాదే మామా. టెస్టయ్య యాడికీ పోలేదు, ఈడనే ఉండాడు. చీర తీసుకుంటాడు."

రద్దును రద్దు చేశాం. బ్రహ్మచారిని, చిలకపచ్చ పట్టుచీర చంకలో పెట్టుకుని నిలబడ్డాను. శెట్టిగారు ఎగాదిగా చూసి, "ఎవురికప్పా చీర?" అన్నారు. చీరను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చాను. "పెండ్లి అయితాదిలే, మా బోణీ శానా మంచిది" అని మొదటిసారి నవ్వారు.

తిరుగు బస్సులో ఉక్రోషం ఆపుకోలేకపోయాను. "నా కోడ్‌లో తప్పు లేదు మేడం. ఇవన్నీ నమ్మకాలు."

"నువ్వు నమ్మాల్సిన పన్లేదు. ఆయన నమ్ముతాడని తెలుసుకోవాల్సిన పనుండాది. పరీక్షలు మనింట్లో రాసుకోవాలబ్బీ, వాళ్ల అంగట్లో గాదు." అని చెయ్యి చాచారు. పెన్‌డ్రైవ్ ఇచ్చేశాను. పక్కన పెన్నా ఇసుక మెరుస్తూ వెనక్కి పోతుంటే, నా పెద్దరికం కూడా దానివెంటే పోయింది.

తర్వాత మా మేడ మీద ఒక ఉత్తుత్తి అంగడి వెలిసింది. పాత కంప్యూటర్, కొట్టువాళ్ల వివరాల నకలు, పాత ప్రింటరు. ఏ మార్పయినా ముందు అక్కడ ఒక రోజంతా బతికి బట్టకట్టాలి. కరెంటు పోయి ఫ్యాను నిలిచిన మధ్యాహ్నాల్లో కూడా, లేని చీరలను లేని మనుషులకు అమ్ముతూ ఎన్ని నెలలు గడిపానో! చిన్నప్పుడు మట్టితో అంగడాట ఆడినట్టే ఉండేది. తప్పులన్నీ అక్కడే దొరికేవి. కానీ అసలు కొట్లకు మేడం ఒక్కరే వెళ్లేవారు. బ్యాగు జిప్పు చప్పుడు వినపడితే నాకు అన్నం సయించేది కాదు.

పన్ను లెక్కలు మారి, అన్ని అంగళ్లకూ కొత్త వెర్షన్ ఒకేసారి కావాల్సి వచ్చింది. పులివెందుల కొట్టు గుమ్మంలో మేడం బ్యాగు తెరిచి, పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టి, నాతోపాటు లోపలికి అడుగు వేశారు. నేను ఆగాను.

"మేడం, మీరు ఈ అరుగుమీద కూర్చోండి."

"ఏందీ?"

"మీరు ఎనక నిలబడి చూస్తాంటే నేను గుమాస్తాను గాదు, మిమ్మల్నే చూస్తాంటా."

బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఇప్పుడు బెంగళూరులో మా జట్టులో పిల్లలు కొత్త వెర్షన్ విడుదల చేస్తుంటే నేను లేచి వరండాలోకి పోతాను. అలా బయట ఉండిపోవడం ఎంత కష్టమో ఆ రోజు పులివెందుల కొట్టు అద్దాల తలుపులోంచి చూశాను. ఆవిడ లేస్తున్నారు, కూర్చుంటున్నారు, తెప్పించిన నిమ్మకాయ సోడా తాగకుండా పట్టుకుని లోపలికి తొంగిచూస్తున్నారు. లోపల పని ఎప్పుడో అయిపోయింది. కొట్టువాళ్లిచ్చిన టీ ఊదుకుంటూ, ఇంకో గ్లాసు కూడా అడిగి తాగి, తీరిగ్గా బయటికొచ్చాను.