క్యారియర్ లేని సైకిళ్ళు

ఆ రోజుల్లో నాకు వాదనలో ఓడిపోవడమంటే ఏమిటో తెలియదు. ఓడిపోలేదని కాదు, ఓడిపోయినా గుర్తించేదాన్ని కాదు (ఈ సంగతి మా ఆయన చెప్పేదాకా నేనూ గమనించలేదు, చెప్పాక ఒప్పుకోనూ లేదు). తిరుపతిలో డిగ్రీ ముగించి, వక్తృత్వ పోటీల్లో గెలిచిన స్టీలు గిన్నెలన్నీ అమ్మకు అప్పజెప్పి, చిత్తూరు ఊరి చివర ఒక చిన్న బడిలో టీచరుగా చేరిన కొత్త. లోకంలో మిగిలిపోయిన కష్టాలన్నీ ఎవరూ సరిగ్గా వాదించకపోవడం వల్లే మిగిలాయని గట్టిగా నమ్మేదాన్ని.

మా బడి వెనక వీధిలో ఇంటింటా చింతపండు పని. మండీ నుంచి మూటలు తెచ్చుకుని, కాయ కొట్టి, గింజ తీసి మళ్ళీ అప్పజెప్పాలి. మగపిల్లలు బడి వదలగానే బ్యాటు పట్టుకుని బీడు భూమిలోకి పరిగెత్తేవాళ్ళు. ఆడపిల్లలు మాత్రం పుస్తకాల సంచి గోడకు తగిలించి, అవ్వ పక్కన కూర్చుని సుత్తి అందుకునేవాళ్ళు. వాళ్ళలో ఏడో తరగతి పిల్ల ఒకతి ఉండేది. గొంతు చిన్నదని బడంతా పిట్ట అనేవాళ్ళం. మేడ మీది తరగతికి ఎక్కేలోపు రెండుసార్లు గోడ పట్టుకుని ఆగి రొప్పేది. బడికి పరీక్షలు చేయడానికొచ్చిన డాక్టరమ్మ పిట్టను ముందూ వెనకా చూసి, "గుండె బాగుంది, ఊపిరితిత్తులూ బాగున్నాయి. కూర్చుని కూర్చుని ఒళ్ళు కదలడం మరిచిపోయిందంతే. రోజూ ఒక గంట ఆడనివ్వండి, లేదంటే పెళ్ళీడుకే ముసలిదవుతుంది" అంది. ఆ మాట మోసుకుని నేను తిన్నగా పిట్ట వాళ్ళ అవ్వ దగ్గరికి పోయాను. అవ్వ సుత్తి ఆపకుండానే, "ఆడబిడ్డ పనీ పాటా లేకుండా ఎగరతా ఉంటే ఎవురు సూస్తారు టీచరమ్మా? ఏదన్నా పనిమీద పోతే సరే" అనేసింది. పనిమీద! సైకిలెక్కిన మనిషి ఎక్కడికో పనిమీద పోతున్నట్టే ఉంటుంది కదా. నా బుర్రలో దీపం వెలిగింది.

శని ఆదివారాలు తిరుపతి వచ్చి మా క్వార్టర్సు మీద పడ్డాను. మా నాయన దేవస్థానంలో గుమాస్తా. ఆ వరసలో ప్రతి ఇంటికీ స్కూటరు వచ్చేసి, పాత సైకిళ్ళు మెట్ల కింద బూజు పట్టి ఉన్నాయి. "తుప్పు పట్టించడానికే కొన్నారా మామా?" అని మొదలుపెట్టి, ఆడపిల్లల ఆరోగ్యం, దేశ భవిష్యత్తు మీదుగా నేను మూడో అంశానికి వచ్చేలోపే తాళంచెవి చేతిలో పెట్టేసేవాళ్ళు. నడుమ కడ్డీ లేనివీ, చిన్నపిల్లలవీ కలిపి పదకొండు దొరికాయి. నా వాక్పటిమకు నేనే మురిసిపోతుంటే మా నాయన పేపరు దించి, "వాళ్ళు సైకిలు దానం చెయ్యలేదమ్మా, నిన్ను వదిలించుకున్నారు" అన్నాడు. మామిడికాయలు దించి ఖాళీగా వెనక్కి పోతున్న టెంపోలో వాటిని చిత్తూరు చేర్చాను.

చిత్తూరులో వాటిని బాగుచేయడానికి ఒప్పుకున్న మేస్త్రీకి నేను పెట్టుకున్న పేరు 'సరేమ్మా'. ఏమన్నా ఆ ఒక్కమాటే అనేవాడు. ట్యూబులు మార్చాడు, చైన్లు నానబెట్టాడు, బ్రేకులు బిగించాడు. అంతా అయ్యాక నా మేధస్సు మేల్కొంది. వెనక క్యారియర్ ఉంటే ఏమవుతుంది? నాయనలు దానిమీద చింతపండు మూటలు కట్టుకుని మండీకి పోతారు, పిల్లలు మళ్ళీ సుత్తి దగ్గరే! "అన్నీ ఊడదీసేయ్" అన్నాను. మేస్త్రీ నోరు తెరిచాడు. అతను మూయకముందే నేను అరగంట మాట్లాడాను. "సరేమ్మా" అన్నాడు. "ఊడదీసినవి పారేసెయ్, మళ్ళీ ఎవరూ బిగించుకోకూడదు" అన్నాను. దానికీ సరేమ్మానే. ఇంత తెలివైన ఆలోచన చిత్తూరు జిల్లాలో ఇంకెవరికీ వచ్చి ఉండదనుకున్నాను (ఆ మాట మాత్రం నిజం).

సైకిళ్ళు పంచిన వారానికి వీధిలోకి పోయి చూద్దును కదా, ఇంటింటి ముందూ సైకిలు తళతళా మెరుస్తోంది. హ్యాండిలుకు పసుపు, కుంకుమ. ఒకదాని మీద యూనిఫారం ఆరేసి ఉంది. పిల్లలు మాత్రం ఎక్కడివాళ్ళక్కడ చింతపండు కొడుతున్నారు.

"ఏం అవ్వా, పిట్ట సైకిలు తొక్కడం లేదా?"

"దినామూ తుడస్తా ఉండాది."

"తుడవడానికిచ్చానా?"

"మరి ఆడబిడ్డను ఒంటిగా యాడికి పంపేదమ్మా? తోడుండాల గదా! ఎనకాల ఇంగొకతి కూసునేదానికి జాగా యాడుండాది? ఎవుడో పుణ్యాత్ముడు క్యారియర్ ఊడబెరికినాడు. వాడెవుడో గానీ, వాని ఇంట్లో ఆడబిడ్డ పుట్టినట్టు లేదు."

నేను గొంతు సవరించుకున్నాను. "ఇద్దరూ రెండు సైకిళ్ళ మీద పోవచ్చు కదా?"

"ఎనకాల బస్సొచ్చి హారన్ కొడితే ఒకతి ముందుకు పోతాది, ఒకతి ఎనకబడతాది. ఎనకబడిన దానికి తోడెవురు, నువ్వా? ఇంగొకటి సెప్తా విను. ఈదిలో ఆడబిడ్డలు ఇరవైమందికి పైనే ఉండారు. నువ్విచ్చింది పదకొండు. పోయేటప్పుడు ఒకతి తొక్కితే వచ్చేటప్పుడు ఇంగొకతి తొక్కతాది. అందురికీ సరిపోతాది. ఏం, లెక్కల టీచరు కావా నువ్వు?"

నేను లెక్కల టీచర్నే. ఒక్క గిన్నె కూడా గెలవని మనిషి, సుత్తి కింద పెట్టకుండా నన్ను నాలుగు మాటల్లో ముగించేసింది. ఆ పుణ్యాత్ముడెవరో చెప్పే ధైర్యం లేక మేస్త్రీ దగ్గరికి పరిగెత్తాను. దారిపొడుగునా తప్పు అతని మీదికి ఎలా నెట్టాలా అని సాధన చేసుకున్నాను. నన్ను చూడగానే లోపలికి పోయి, తాడుతో కట్టి నూనె పూసి ఉంచిన పదకొండు క్యారియర్లూ తెచ్చి ముందర పెట్టాడు.

"పారేయమన్నాను కదా?"

"సరే అన్నాను గదమ్మా."

"తప్పని తెలిస్తే అప్పుడే చెప్పచ్చు కదా?"

"మూడుసార్లు నోరు తెరిస్తినమ్మా. మీరు మాట్లాడతా ఉండారు, నాకేమో పనుండాది."

సాయంత్రానికి అన్నీ బిగించేశాడు. అవ్వ వచ్చి క్యారియర్లను ఒక్కొక్కటీ ఊపి చూసింది. "మొదాట నువ్వు కూసో టీచరమ్మా. నీ బరువూ నీ నోటి బరువూ మోసిందంటే ఇంగెవురినైనా మోస్తాది" అంది. వీధి వీధంతా నవ్వింది. నేను కొంగు బిగించి ఎక్కాను. పిట్ట పెడలు మీద నిలబడి తొక్కింది (ఎప్పుడో అద్దె సైకిలు మీద నేర్చుకుందట). మామిడి నర్సరీ దాకా పోయేలోపు నాలుగుసార్లు ఆగి రొప్పింది. నేను దిగబోతే, "దిగద్దు టీచర్, మళ్ళా ఎక్కించేది కష్టం" అంది. నర్సరీ గేటు దగ్గర సైకిలు ఆపి, చెమట తుడుచుకుని, హ్యాండిలు నా వైపు తిప్పింది.

"ఇప్పుడు మీరు తొక్కండి, నేను కూర్చుంటాను. అవ్వ చెప్పింది కదా, వచ్చేటప్పుడు మార్చుకోవాలని."

పదకొండు సైకిళ్ళు పోగేసి, సైకిలు మీద వీధివీధినా ఉపన్యాసాలిచ్చి, దాని అంగాంగాన్నీ విమర్శించిన నేను, "నాకు రాదు" అన్నాను. పిట్ట గేటు పట్టుకుని నవ్వింది. ఆ పిల్ల గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. "రేపు పొద్దున రండి, నేర్పిస్తాను. ఎవురికీ చెప్పను" అంది (తెల్లారేసరికి బడి మొత్తానికి తెలుసు).

మరునాటి నుంచి రోజూ బడికి ముందు నేను సైకిలు మీద, పిట్ట క్యారియర్ పట్టుకుని వెనక. "నేల సూడద్దు టీచర్! దావ సూడండి! అయ్యో, ఆ బర్రెను వదిలిపెట్టండి టీచర్!" మొదటి రోజుల్లో పది అడుగులకోసారి ఇద్దరం ఆగేవాళ్ళం, నేను పడిపోయీ, అది రొప్పీ. తర్వాత తర్వాత నేను పడిపోయినప్పుడు మాత్రమే ఆగేవాళ్ళం. వానలు మొదలయ్యాక ఒక పొద్దున ఎంతకీ పడకుండా పోతున్నానేమిటా అని పక్కకు చూస్తే, పిట్ట క్యారియర్ ఎప్పుడో వదిలేసి నాతో సమానంగా పరిగెడుతోంది. నన్ను తిడుతూ పరిగెడుతోంది. ఊపిరి కోసం ఒక్కసారీ ఆగకుండా ఎంత పొడుగు వాక్యాలతో తిట్టిందో! అంత శ్రద్ధగా నేను ఇంకెవరి తిట్లూ విన్లేదు.

నాకిప్పటికీ సైకిలు మీద మలుపు తిరగడం రాదు. మలుపు దగ్గర దిగి, బండిని చేత్తో తిప్పి, మళ్ళీ ఎక్కుతాను. అప్పటి నన్ను అడిగితే సైకిలు తొక్కేవాళ్ళు అలా దిగి ఎక్కడమే శాస్త్రీయమని అరగంట వాదించి ఉండేది, పాపం, పిచ్చిపిల్ల.