దానమ్మ నేర్చుకున్న ఒకే ఒక్క క్రియ

2001లో టెక్కలి బస్టాండు దగ్గర ఒక మేడ గదిలో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పేవాణ్ణి. అంటే వ్యాకరణం పక్కన పెట్టి, ముందు నోరు తిరిగేలా చేయడం. నా ఇంగ్లీషు పక్క ఊరు నిమ్మాడ దాటితే చెల్లదని మా ఆవిడ వెక్కిరించేది. అయినా ఉద్యోగాలు వెతుక్కునే కుర్రాళ్ళతో గది నిండేది.

ఒక ఉదయం సంతబొమ్మాళి వైపు రేవు నుంచి దానమ్మ వచ్చింది. చేపల వేట మీద బతికే కుటుంబం. భర్త ఎర్రన్న ముంబయి వెళ్ళి సరుకుల ఓడలో పనికి కుదిరాడు. వానలకు ముందే రావలసినవాడు, చలికాలం వచ్చినా జాడ లేడు. ఆ ఓడ కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఇంగ్లీషులో ఏదో అని పెట్టేస్తున్నారట.

"బాసంతా నాకెందుకు మేస్టారూ! మా బావ కోసం సూత్తన్నానని సెప్పడానికి ఒక్క ముక్క నేర్పండి, సాలు."

'ఐ యామ్ వెయిటింగ్' నేర్పాను. కంటిన్యువస్ టెన్స్, అంటే పని ఇంకా సాగుతోందని. మాటల పుట్టుక తవ్వే పిచ్చి ఒకటి ఉంది నాకు. వెయిట్ అంటే మొదట్లో మెలకువగా ఉండి కాపలా కాయడమనీ, నిద్రలేవడానికి వాడే 'వేక్' దానికి చుట్టమనీ, హోటల్లో వెయిటర్ కూడా ఆ ఇంటివాడేననీ చెప్పుకుపోయాను.

"మేవూ అంతే గదా," అంది దానమ్మ. "పడవ రాకపోతే ఒడ్డున కాసుకోనుంటాం. మా అత్తయితే సంద్రం మీంచి సూపు తియ్యదు."

ఎస్టీడీ బూత్‌కు ఇద్దరం వెళ్ళాం. ఆ ఫోనుకు స్పీకరు ఉంది. దానమ్మ తడబడకుండా తన వాక్యం చెప్పింది. అవతలి గుమాస్తా ఈసారి ఫోన్ పెట్టెయ్యలేదు. ఓడ తిరిగొచ్చిందనీ, ఎర్రన్న మధ్యలో ఏదో రేవులో దిగి మళ్ళీ ఎక్కలేదనీ, తమకూ ఇంకేమీ తెలియదనీ ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు. చివర్న, "డోంట్ వెయిట్ ఫర్ హిమ్," అన్నాడు.

నేను మెత్తగా సర్దిచెప్పబోయాను. దానమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు మేస్టారూ. ఆ మాట నాకు తెలిసిందే గదా."

తర్వాత ఫోను వైపు వంగి, తెలుగులోనే అంది: "మా బావ కోసం నేను కాసుకోడానికి మీ సెలవేటి బాబూ?"

అతనికి అర్థమై ఉండదు. అయినా చాలాసేపు లైను కట్ చెయ్యలేదు.

తెలియని భాష ఒక్కోసారి మనిషిని కాస్త కాపాడుతుంది. ఒక్క మాట నేర్పి దానమ్మకు ఆ చాటు కూడా లేకుండా చేశాను. అప్పటి నుంచి, మాట నేర్పేముందు అది ఎవరి నోట వినాల్సి వస్తుందో కూడా ఆలోచిస్తాను. రేవు వైపు వాళ్ళెవరు కనబడినా, ఎర్రన్న వచ్చాడా అని ఇప్పటికీ అడుగుతూనే ఉంటాను.