వీధుల్లేని దీవికి జనన ధ్రువపత్రం

2010 మార్చిలో, న్యూజెర్సీలోని పిస్కాటవేలో నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ నన్ను పసిఫిక్‌లోని ఒక చిన్న ద్వీప దేశపు ప్రాజెక్టుకు సీనియర్ అనలిస్టుగా వేసింది. వాడేవాళ్ళకు ఏం కావాలో తెలుసుకుని ప్రోగ్రామర్లకు రాసివ్వడం అనలిస్టు పని. అక్కడి ప్రభుత్వం జనన ధ్రువపత్రాలు ఆన్‌లైన్‌లో ఇవ్వాలనుకుంది. అప్పటిదాకా దరఖాస్తు పడవలో రాజధానికి వెళ్ళి, పత్రం పడవలో తిరిగి రావడానికి రెండు నెలలు పట్టేది.

నవంబరులో ఆ దేశపు రిజిస్ట్రార్ మిసెస్ లోసా అంగీకార పరీక్షకు మా ఆఫీసుకు వచ్చారు. సిస్టమ్‌ను స్వయంగా వాడి చూసి, బాగుంటే సంతకం పెట్టే ఘట్టం అది. ఆవిడ మా నమూనా వివరాలు పక్కన పెట్టి ఒక నిజమైన దరఖాస్తు తీశారు. మారుమూల దీవిలోని మేరీ అనే అమ్మాయికి పొరుగు దేశపు నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. జనన పత్రం చేతికొస్తేనే శుక్రవారం మధ్యాహ్నం పడవెక్కి, రాజధానిలో పాస్‌పోర్టు తీసుకోగలదు. తరవాతి పడవ నెలకు గానీ రాదు, సీటు అప్పటిదాకా ఆగదు. ఆ రోజు బుధవారం. పైగా వాళ్ళకు శుక్రవారం మాకంటే ముందే వస్తుంది.

సిస్టమ్ ఆ దరఖాస్తును తిప్పికొట్టింది. ఇంటి నంబరు, వీధి, జిప్ కోడ్ లేనిదే కదలనంది. ఆ మూడు గడులనూ తప్పనిసరి చేసింది నేనే. మా దీవుల్లో వీధులుండవమ్మా, అన్నారావిడ నెమ్మదిగా. నాకు తల కొట్టేసినట్లయింది. దివిసీమలో మా ఇంటికి ఉత్తరాలన్నీ ‘రైసుమిల్లు వెనక, వెంకాయమ్మగారి ఇల్లు’ అన్న చిరునామాతోనే వచ్చేవి. ఇరవయ్యేళ్ళు న్యూజెర్సీలో ఉండేసరికి జిప్ కోడ్ లేని మనిషే ఉండడనుకున్నాను.

మేనేజర్ సుధాకర్‌ది వరంగల్. “మేడం, డిజైన్ సైన్ ఆఫ్ అయిపోయింది. ఇప్పుడు ముట్టుకుంటే టెస్టింగ్ మళ్ళా మొదటికొస్తది. ఏదో డమ్మీ జిప్ కొట్టేయండి, ఫేజ్ టూల చూద్దాం,” అన్నాడు.

“సర్కారు కాగితం మీద దొంగ చిరునామా నేను వేయను. రేపు పాస్‌పోర్ట్ ఆఫీసులో ఆ పిల్లని ఆపితే నువ్వెళ్ళి జవాబు చెప్తావా?” అన్నాను. నా నోటి సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు.

“మీతోని గెలుస్తమా మేడం, చేంజ్ రిక్వెస్ట్ రాయండి,” అన్నాడు. ఖరారైన డిజైన్‌ను మార్చడానికి అనుమతి పత్రం అది. రాసిన పది నిమిషాల్లో సంతకం పెట్టాడు. పాపం, మంచివాడే.

మీవాళ్ళు మనిషినెలా వెతుక్కుంటారని మిసెస్ లోసాను అడిగాను. ఏ దీవి, ఏ రేవు, ఎవరి నేల: ఇంతే చాలన్నారు. మా మూడు గడులు తీసేసి ఆ మూడూ పెట్టాం. సుధాకర్ తానే కూర్చుని పరీక్షలన్నీ మళ్ళీ నడిపాడు.

గురువారం మధ్యాహ్నం మూడింటికి, అక్కడ శుక్రవారం ఉదయం ఎనిమిదికి, దరఖాస్తు సాఫీగా వెళ్ళింది. మిసెస్ లోసా తన పాస్‌వర్డ్‌తో ఆమోదించారు. దీవిలోని ఆరోగ్య కేంద్రంలో శాటిలైట్ కనెక్షన్‌తో ప్రింటరు ఉంది. అక్కడి నర్సు ఫోనులో పత్రంలోని ప్రతి అక్షరం చదివి వినిపించి, పిల్ల రేవుకు బయల్దేరిందని చెప్పింది. రెండు నెలల పని పావుగంటలో అయింది. సుధాకర్ బల్ల మీద దరువేశాడు. నాకైతే గర్వంతో గుండె నిండిపోయింది. మిసెస్ లోసా కళ్ళజోడు సవరించుకుని అంగీకార పత్రం మీద సంతకం పెట్టారు.

రిటైరయ్యేలోగా మరో మూడు ద్వీప దేశాలకు పనిచేశాను. ఏ గడినైనా తప్పనిసరి చేసే ముందు, దాన్ని నింపలేని మనిషి ఎవరో కనుక్కున్నాకే చేశాను.