మూడు పడవల సందేశం

రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, వర్షాకాలం మొదట్లో నన్ను పోలీసు వైర్‌లెస్ సూపర్‌వైజర్‌గా ఆదిలాబాద్ జిల్లాకు వేశారు. మాది కరీంనగర్‌లో కిరాణా కొట్టు. పది కావాలంటే ఇరవై అడగాలని అక్కడ నేర్చాను. ఆఫీసుకు సామాను కోరే ఇండెంట్లు కూడా అలాగే రాసేవాణ్ణి.

ఆ శ్రావణంలో వాగు పొంగి కాగజ్‌నగర్ అవతల ఒక ఊరు దీవిలా మిగిలింది. ముందురోజే నేను అక్కడి బడిలో పెట్టిన సహాయ శిబిరానికి చేరి ఉన్నాను. మా చేతి సెట్లు ఎఫ్ఎం పద్ధతివి. గొంతు స్పష్టంగా వస్తుంది గానీ, గుట్ట మీది రిపీటర్ అందుకొని పంపితేనే మాట దూరం పోతుంది. ఆ రిపీటర్ బ్యాటరీ దిగిపోయింది. సెల్‌ఫోన్లు అప్పటికే మూగబోయాయి.

అంతలో ఆశా కార్యకర్త లచ్చవ్వ వచ్చి, "సార్, మా ఊరి రాజన్నను పాము కరిచింది. మందు అవతలి దవాఖానల ఉన్నది. జర జల్ది చెయ్యుండ్రి" అంది.

నాకు హామ్ లైసెన్సు, అంటే అభిరుచి కొద్దీ రేడియో నడుపుకునే అనుమతి, ఉండేది. సొంత సెట్టు వెంటే ఉంది. రెండు స్తంభాల మధ్య తీగ కట్టి, రిపీటర్ లేకుండానే దూరం పోయే నలభై మీటర్ల బ్యాండ్ తెరిచాను. అక్కడ ఏఎంలో మాట్లాడితే శక్తి చాలావరకు మాటను మోసే క్యారియర్‌కే పోతుంది. సరుకు కంటే సంచి బరువెక్కువ. సింగిల్ సైడ్‌బ్యాండ్‌లో ఆ సంచినీ, మాటకున్న రెండో నకలునూ తీసేసి ఒక్క సరుకే పంపుతారు. చిన్న బ్యాటరీతో చాలా దూరం పోతుంది. నా కొట్టు బుద్ధికి సరిపోయిన పద్ధతి.

కరీంనగర్ నుంచి, మా కొట్టు ఎరిగిన సుగుణక్క పలికింది. ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరైన ఆమె, వరదల్లో హామ్‌ల సందేశాలను అధికారులకు చేర్చేది. పాముకాటు మందుతో ఒక్క పడవైనా రావాలని మూడు అడిగాను. వచ్చిన సందేశాన్ని తిరిగి చదివి వినిపించి, ముక్క మార్చకుండా పంపడం మా ఆచారం. ఆమె చదివి, పంపే ముందు అడిగింది.

"తమ్మీ, నిజంగ ఎన్ని గావాలె? ఉన్నయే మూడు. నువ్వు మూడంటే మూడూ నీకే వస్తయి. వాగు కింది ఊరి జనం ఇండ్ల మీదికెక్కి కూసున్నరు."

"ఒక్కటి చాలక్కా."

"గట్ల చెప్పు. దుకాణం తర్వాత తెరుద్దువు."

ఒక పడవలో డాక్టరూ మందూ వచ్చి రాజన్న బతికాడు. మిగతా రెండూ కింది ఊరికి పోయి జనాన్ని దించాయి. ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకు సుగుణక్కకు నేటికీ కృతజ్ఞుణ్ణి.

పై అధికారి ఎలాగూ కోస్తాడన్న ధీమాతో ఇండెంటులో ఎక్కువ రాస్తాం. ఆపదలో వైర్‌లెస్ మీద కోసేవాడుండడు; అడిగినంతా నమ్మి పంపేస్తారు. ఆ తర్వాత సర్వీసంతా సెట్టు ముందు కావలసినంతే అడిగాను. కూరగాయల బజారు సంగతి వేరు.