లెదరు సీట్ల మీద బొంతలు

రాస్తున్నావా? సరే. ఈరోజు మన కారు సీట్ల సంగతి చెబుతాను. నవ్వకు. ఆ కారు ఎలా కొన్నాడో, ఇంజను ఎంత మంచిదో మీ నాన్న వచ్చినవాళ్ళందరికీ చెబుతూనే ఉంటాడు. సీట్లకు లెదరు ఎందుకు వేయించామో మాత్రం వాడికి కూడా చాలా రోజులు తెలియదు.

ఇది మా అప్ప సంగతి. మావైపు అక్కను అప్ప అంటాం కదా. నాకు మిగిలిన తోడబుట్టినది ఆమె ఒక్కతే. కళింగపట్నంలో కోడలి దగ్గర ఉంటుంది. మీ బావగారు బతికున్న రోజుల్లో అక్కడే ఉప్పూ పప్పూ అమ్మే కొట్టు ఉండేది. మీ బావగారేమిటి, మా బావ. అది దిద్దుకో. ఇదంతా నీచేత రాయించి నలుగురికీ పంపనా అని నిన్న ఫోన్లో అడిగాను.

"రాయించుకోయే. నాలాటోళ్ళు ఎంతమంది గుమ్మం దిగకుండా కూకున్నారో! పేరు మాత్రం ఎయ్యకు. మా ఊరి పిల్లగుంటలంతా పొద్దస్తమానం ఆ ఫోన్లే సదువుతారు," అంది.

అందుకే పేరు వేయడం లేదు.

ఆ ఏడు అప్పకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. బియ్యంలో రాయి కనబడటం మానేసింది. ఎదురుగా వచ్చినవాళ్ళను గొంతు విని పోల్చుకునేది. ఆపరేషన్ ఆలస్యం చేస్తే కష్టమని డాక్టరు గట్టిగానే చెప్పారు. విజయనగరం వస్తే చూసుకోవడానికి నేనున్నాను, ఆసుపత్రి మన వీధికి దగ్గర. అయినా రాదు. ఒకసారి మోకాలు నొప్పి అంటుంది, ఒకసారి వాన అంటుంది, ఒకసారి కోడలికి ఒంట్లో బాగోలేదంటుంది. కోడలు వెనకనుంచి "నాకేటయింది?" అని అరవడం ఫోన్లో నాకు వినబడుతూనే ఉండేది.

పెద్దమ్మ కత్తికి భయపడుతోందని మీ నాన్న అనుకున్నాడు. ముగ్గురు పిల్లల్ని ఇంట్లోనే కన్న మనిషి, కత్తికి భయపడుతుందా? అసలు సంగతి నాకు తెలుసు.

అంతకుముందు ఒక పెళ్ళికి వెళ్ళి ఇద్దరం శ్రీకాకుళం బస్సులో తిరిగొస్తున్నాం. దారిలో పెద్ద కుదుపు. అప్ప మాట ఆగిపోయింది. బస్టాండు వచ్చింది, అందరూ దిగుతున్నారు, తను మాత్రం లేవదు. "మోకాలు పట్టేసింది బాబూ, నిమ్మళంగా దిగుతాను," అని కండక్టరుతో చెప్పింది. అందరూ దిగాక లేచింది. సీటు తడిసిపోయింది, చీర కూడా. నేను ఆమె వెనకే అంటుకుని నడిచాను, ఎవరికీ కనబడకుండా. ఆటో పిలిచినా కూర్చోనంది. బస్టాండులో చీర మార్చుకునేదాకా నిలబడే ఉంది. ఆ రోజు తర్వాత ఎవరింటికీ వెళ్ళలేదు. నాకు తెలుసని తనకు తెలుసు. ఇద్దరం ఆ ఊసే ఎత్తలేదు.

మాలాంటి ఆడవాళ్ళు ఇలాంటివి డాక్టరుకు కూడా చెప్పరు. వయసన్నాక ఇంతే అనుకుని ఇంట్లో కూర్చుంటారు.

తర్వాత మీ నాన్న కారు కొన్నాడు. పాతదే. తన కొట్టుకు బేరానికి వచ్చే ఒకాయన అమ్ముతుంటే తీసుకున్నాడు. బండి బాగానే ఉంది కానీ సీట్ల బట్ట చిరిగి స్పాంజి బయటికి వచ్చింది. కొత్త సీట్లు వేయించాలి. మీ అమ్మా, నాన్నా స్టేషన్ రోడ్డులో సీట్లు కుట్టే కొట్టుకు బయలుదేరితే నేనూ వస్తానన్నాను.

"నువ్వెందుకే అమ్మా ఆ ఎండలో?" అన్నాడు మీ నాన్న.

"ఆ సీట్లలో కూకునేది నేను కాదేటి?" అన్నాను.

కొట్టతను రెండు రకాలూ బల్లమీద పరిచాడు. ఒకవైపు బట్ట, ఒకవైపు లెదరు. మీ అమ్మ బట్ట దగ్గరే ఆగిపోయింది. "వేసవిలో లెదరు కాలిపోతుంది. పిల్లల తొడలు అంటుకుపోతాయి. బట్టే వేయిద్దామండీ," అంది. అది నిజమే. మీ నాన్న కూడా సరే అన్నాడు.

"లెదరే ఎయ్యి," అన్నాను నేను.

మీ నాన్న నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వేటే? ఇంట్లో రెక్సిను సోఫా ఉంటే ఈపు అంటుకుంటాదని నేలమీద కూకుంటావు. ఇప్పుడు లెదరు కావాలా నీకు?"

అసలు సంగతి చెప్పలేను కదా. అప్ప పరువది. నోటికొచ్చింది చెప్పాను. "గుడ్డ సీటయితే ఉతకడానికి అవదు. ఎవులెవులో కూకున్న మైలగుడ్డ మీద నేను మడితో గుడికెలా ఎల్తాను?"

"తోలు మీద కూకుంటే మడి నిలుస్తాదేటి?"

ఇంతలో కొట్టతనే అందుకున్నాడు. "పేరుకే లెదరమ్మా. దీనికి ఆవూ తెలీదు, గేదే తెలీదు. ఫ్యాక్టరీ సరుకు. నీ మడికేటీ అవదు."

ఆ బాబుకు పుణ్యముంటుంది. వెంటనే అతని బల్లమీది నీళ్ళ సీసా తీసి రెండు ముక్కల మీదా కొంచెం కొంచెం పోశాను. బట్ట మీద పోసింది చూస్తూండగానే లోపలికి దిగిపోయి నల్లటి మరక మిగిలింది. లెదరు మీద చుక్కలు గుండ్రంగా నిలబడ్డాయి. పైటకొంగుతో తుడిచాను. ఏమీ లేదు. నేను ఆ బట్ట మీది మరకనే చూస్తూ ఉండిపోయాను.

తర్వాత అతను వజ్రాల్లా గళ్ళుగళ్ళుగా కుట్టిన లెదరు తీశాడు. ఇప్పుడందరూ అదే వేయిస్తున్నారట.

"ఒద్దు. నడుమ కుట్టు లేనిది ఎయ్యి. కుట్టుకుట్టుకీ సూదికన్నం ఉంటాది. నీళ్ళు దిగిపోవా?"

"కార్లో నీళ్ళెందుకు పోస్తావే తల్లీ!" అని మీ నాన్న తల పట్టుకున్నాడు. మీ అమ్మ మాత్రం ఆ నీళ్ళ సీసా వైపే చూస్తోంది.

మొత్తానికి నా మాటే నెగ్గింది. కూర్చునేచోట కుట్టు లేని సాదా లెదరు వేశారు. మీ అమ్మ చెప్పినట్టే, మొదటి ఎండకే అది పెనంలా కాలింది. నువ్వు ఎక్కుతూనే కెవ్వుమన్నావు, గుర్తుందా? అప్పుడు బొంత గుర్తొచ్చింది నాకు.

మన ఇళ్ళలో నేత చీర చిరిగితే పారేయం. నాలుగైదు పొరలు పరిచి, చుట్టూ అంచులు పెట్టి, చేత్తో కుడతాం. చంటిపిల్లల కిందా అదే, బాలింత కిందా అదే, మంచాన పడ్డ ముసలాళ్ళ కిందా అదే. చల్లగా ఉంటుంది, తడి పీలుస్తుంది, ఉతికి దండెం మీద వేస్తే సాయంత్రానికి ఆరిపోతుంది. కింద లెదరు, పైన బొంత. ఇంకేం కావాలి?

పెట్టెలోంచి మా అమ్మ చీర ముక్క ఒకటి తీసి పైపొరకు వేసి, సీటుకు సరిపడా బొంత కుట్టాను. వెనక సీటులో ఎడమవైపు పరిచి, దూరం నుంచి చూశాను. కారంతా నల్లగా మెరుస్తోంది, ఆ ఒక్కచోటే బొంత. "ఈ సీటు ఫలానా వాళ్ళది" అని టముకు వేసినట్టుంది. అప్ప దాన్ని చూస్తే తలుపు దగ్గరే వెనక్కి తిరిగిపోతుంది.

బొంత తీసేసి లోపలికి తెచ్చి, ఇంకో చీర చింపడం మొదలుపెట్టాను.

మీ అమ్మ చూసి, "ఒకటి చాలదా అత్తయ్యా?" అంది.

"సాలదు. అన్ని సీట్లకీ కావాలి. డ్రైవరు సీటుక్కూడా."

మీ అమ్మ నా చేతిలోని చీర వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. నీళ్ళ సీసా గుర్తొచ్చిందేమో. బీరువా తీసి తన పాత నేత చీరలు తెచ్చి నా ఒళ్ళో పడేసి, సూదిలో దారం ఎక్కించడానికి కూర్చుంది. ఆ అమ్మాయి మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా, ఆ రోజుది మాత్రం నేను మరిచిపోను. ఇది కూడా రాయి, చదువుకుంటుంది.

ఫోన్లో చెబితే మళ్ళీ మోకాలంటుందని, చెప్పకుండానే కళింగపట్నం వెళ్ళాం. అప్ప అరుగు మీద కూర్చుని ఉంది. కారు చప్పుడు విని లేచింది.

"ఎవులది?"

"నేనే అప్పా. కంటి ఆసుపత్రికి ఎల్దాం, రా."

"నేను రాను. మోకాలు..."

"ఎక్కకపోతే ఎక్కకు. నీ సెల్లి కొడుకు కారు కొన్నాడు, ఓపాలి సూడు," అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. వాడు తలుపు తీశాడు. అప్ప వంగి, కనబడీ కనబడకుండా సీటు తడిమింది.

"ఇదేటే! కారా, మంచమా?"

"నా సీటుక్కూడా ఏసేసింది పెద్దమ్మా. సిగ్నలు దగ్గర ఆగితే పక్కోళ్ళు సూసి నవ్వుతన్నారు," అన్నాడు మీ నాన్న.

అప్ప ముందు సీటు తడిమింది. వెనక రెండో వైపు కూడా తడిమింది. అన్నిచోట్లా బొంతే. తర్వాత ఒక బొంత అంచు ఎత్తి కింద చెయ్యి పెట్టింది.

"కింద రెక్సినా?"

"లెదరప్పా."

"తుడిస్తే పోతాదా?"

"పోతాది."

ఎత్తిన అంచును మళ్ళీ సరిగ్గా సర్దింది. మీ నాన్న ఏదో అనబోతే కాలు తొక్కాను.

"ఉండు. సీర మార్సుకొస్తాను," అని లోపలికి వెళ్ళింది.

రణస్థలం దాటాక స్పీడుబ్రేకరు చూసుకోలేదు మీ నాన్న. కారు ఎగిరిపడింది. అప్ప మాట ఆగిపోయింది. బస్సులో ఆగినట్టే. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను మాత్రం మా అమ్మ చీర సంగతి ఎత్తాను. "నువ్వు కూకున్నది అమ్మ గళ్ళసీర మీదే, తెలిసిందా?" అన్నాను. చేత్తో తడిమి, "ఈ సీరేనా? నన్ను ఇందులోనే సుట్టి ఒడ్డుకి తీసుకెళ్ళేది, సేపలు ఎండేసిన దగ్గరికి," అని మెల్లగా మొదలుపెట్టింది. ఇల్లు చేరేదాకా ఆపలేదు.

ఇంటి ముందు దిగగానే మీ అమ్మ ఎదురొచ్చి, "రోడ్డు దుమ్మంతా వీటికే," అంటూ అన్ని బొంతలూ ఒక్కసారే లాగి బకెట్లో నానేసింది. సీటు తుడిచేసింది. మీ నాన్న మాత్రం "పొద్దున్నే కదా ఉతికేరు!" అని ఆశ్చర్యపోయాడు.

ఆపరేషన్ చక్కగా అయింది. మందులు వేయించుకుంటూ మనింట్లోనే ఉంది. కంటి డాక్టరమ్మే ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పంపింది ఆ రెండో ఇబ్బందికి. అప్పే నోరు తెరిచి అడిగిందట, నన్ను బయట కూర్చోబెట్టి.

తిరిగి దింపడానికి కారు తలుపు తీస్తే, ఎక్కకుండా వంగి బొంతను చూస్తోంది.

"ఏటప్పా?"

"ఇవేం కుట్లే! పామెల్లినట్టు ఒంకరటింకర. ఇన్నాళ్ళూ దీనిమీదేనా నన్ను కూకోబెట్టినావు? అమ్మ సూస్తే నీ సెయ్యి ఇరగ్గొట్టును."

ఊరు చేరాక దిగుతూ బొంతను చంకలో పెట్టుకుంది. ఇలా ఇయ్యమంటే ఇవ్వలేదు. "ఇప్పి మళ్ళీ కుడతాను. అరసవల్లి గుడికి ఎల్లినప్పుడు కార్లో ఏస్తాను," అంది.

"అరసవల్లి ఎవులు ఎల్తన్నారు?"

"మనమే. కారున్నాది కదా," అని లోపలికి వెళ్ళిపోయింది.