పెడల్‌కి కట్టిన పాదాలు

ఆ రోజు పొద్దున చెప్పు నా కాలినుంచి ఊడిపోయినా నాకు తెలియలేదు. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో టైపిస్టుని. ఆఫీసుల్లోకి కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. బస్సు దిగి మెట్లెక్కుతుంటే అటెండరు వెనకనుంచి కేకేశాడు.

"అమ్మగారండీ, చెప్పు అక్కడే వదిలేశారండి!"

చూసుకుంటే కుడికాలు ఉత్తదే. పది రోజుల కిందట విరేచనాలూ జ్వరమూ వచ్చి తగ్గాయి, ఆ నీరసమే అనుకున్నాను. సాయంత్రం గోడ పట్టుకుని మెట్లు దిగాను. మర్నాడు పొద్దున మంచం దిగబోయి నేలమీద కూలబడ్డాను. మావారు కడియంలో పూల నర్సరీలో అంట్లు కట్టే పనిచేస్తారు. అప్పుడే బయల్దేరబోతున్నవారు సంచీ గుమ్మంలోనే పడేసి పరిగెత్తుకొచ్చారు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషిని ఆయన చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు.

రాజమండ్రిలో న్యూరాలజిస్టు చిన్న సుత్తితో మోకాళ్ళమీద కొట్టారు. కాళ్ళు ఉలకలేదు. లంబార్ పంక్చర్ చేసి వెన్నులోంచి నీరు తీశారు. నరాలు ఎంత పనిచేస్తున్నాయో చూసే నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు.

"జి.బి. సిండ్రోమ్ అమ్మా. మీ ఒంట్లో రోగాలతో పోరాడే శక్తే పొరపాటున మీ నరాలమీద పడింది. కాళ్ళలో మొదలై పైకి పాకుతుంది. ఊపిరి దాకా వస్తుందేమో అదే చూడాలి," అన్నారాయన. "ఒక్క ఊపిరిలో ఎంతవరకూ లెక్కపెట్టగలరో పెట్టండి."

మొదటిరోజు ఇరవై దాకా వచ్చాను. మర్నాడు పద్నాలుగు. మూడోనాడు తొమ్మిది దగ్గర గొంతు ఆగిపోయింది. డాక్టరు గారు నావైపు కాకుండా నర్సువైపు చూసి, "ఐసియు రెడీ చెయ్యండి" అన్నారు. ఆ చూపుతో నాకంతా అర్థమైంది.

వెంటిలేటర్ మీద పంతొమ్మిది రోజులున్నాను. తెలివి పూర్తిగా ఉంది. అదే నరకం. ముక్కుమీద ఈగ వాలితే తోలుకోలేను, తోలమని చెప్పలేను. మా అమ్మాయి లావణ్య ఏడో తరగతి. అద్దం అవతల నిలబడి చెయ్యి ఊపేది. నేను రెప్పలు ఆర్పేదాన్ని. దానికి కనబడిందో లేదో తెలిసేది కాదు. నరాలమీద ఆ దాడిని ఆపడానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు ఎక్కించారు. గొంతులోంచి వెంటిలేటర్ ట్యూబు తీసినప్పుడు డాక్టరు గారు, "ఇది వచ్చిన దారినే వెనక్కి పోతుందమ్మా. ఎన్నాళ్ళకో మాత్రం నేను చెప్పలేను" అన్నారు.

నాలుగు నెలలు ఇంట్లో మంచంమీదే. చేతులు కొంత కదిలాయి, కాళ్ళు కట్టెలే. స్నానం, పక్కమీద శుభ్రం, అంతా మావారే. ఒకరోజు మధ్యాహ్నం ఆయన అన్నం కలిపి పెడుతుంటే మొహం తిప్పేసుకున్నాను.

"ఏవండీ, నన్ను గోదాట్లో కలిపేయండి. మీకూ పిల్లకీ ఈ చాకిరీ తప్పుతుంది."

ఆయన కంచం కిందపెట్టి అరుగుమీదకెళ్ళి కూర్చున్నారు. ఆ పూట ఇద్దరం తినలేదు. మర్నాడు నన్నడక్కుండానే ఆటో తెచ్చి ఫిజియోథెరపీకి తీసుకెళ్ళారు.

ఆ గదిలో మూడు ఎక్సర్‌సైజ్ సైకిళ్ళు వరసగా ఉన్నాయి. ఒక్కటే చక్రం, అదీ ఇనప స్టాండుకి బిగించి ఉంటుంది. చక్రంమీద బెల్టు, దాన్ని బిగించడానికీ వదులు చెయ్యడానికీ హ్యాండిల్ కింద మర. పొద్దున తొమ్మిదింటికి అందరినీ కలిపి క్లాసులా తొక్కించేవారు విమల గారు, అక్కడి ఫిజియోథెరపిస్టు.

"నాకు సైకిలు రాదండి," అన్నాను.

"ఇది ఎక్కడికీ పోదమ్మా, పడిపోదు కూడాను."

నా భయం పడిపోతాననే కాదు. అక్కడ మగవాళ్ళున్నారు. చీర పైకి జరిగి, పుల్లల్లాంటి నా కాళ్ళు అందరికీ కనబడతాయి. మూడు రోజులు చక్రాల కుర్చీలో గుమ్మం దగ్గరే ఉండిపోయాను. నాలుగోరోజు, పక్షవాతంతో ఎడమవైపు పడిపోయిన అప్పారావు గారు, యానాం దగ్గర చేపల వ్యాపారం చేసే పెద్దాయన, తొక్కడం ఆపి నావైపు తిరిగారు.

"చూడమ్మా, ఇక్కడ ఎవరి కాలు వాళ్ళకే బరువండి. మీ కాలెవరు చూత్తారండి? రండమ్మా."

మర్నాడు చీర లోపల మావారి పైజమా తొడుక్కుని వెళ్ళాను. ఇద్దరు పట్టి సీటుమీద కూర్చోబెట్టారు. పాదాలు జారకుండా పెడళ్ళకి క్రేప్ బ్యాండేజీతో కట్టారు. విమల గారు కింద కూర్చుని పెడళ్ళు చేత్తో తిప్పుతుంటే నా కాళ్ళు తిరిగాయి. నేను తిప్పలేదు. వారాల తరబడి అంతే. ఒకరోజు ఆవిడ చెయ్యి తీసేశాక పెడల్ ఇంకో అరచుట్టు తిరిగింది. అప్పారావు గారు "ఆయ్! అమ్మాయిగారు తొక్కేశారండోయ్!" అని అరిచారు.

ఆ ఆశే నన్ను ముంచింది. ఎవరూ చూడనప్పుడు మర బిగించి, ఆపమన్నా ఆపకుండా తొక్కడం మొదలుపెట్టాను. నాలుగోనాడు లేవబోతే కాళ్ళలో మళ్ళీ సత్తువే లేదు. ఒక్క ఊపిరిలో లెక్కపెట్టుకుంటూ భయంతో చచ్చాను.

"తిరగబెట్టలేదు," అన్నారు డాక్టరు గారు. "ఇంకా కోలుకోని నరాన్ని బాగా అలిసిపోయేలా చేశారు. రెండు వారాలు రెస్ట్."

రెండు వారాల తర్వాత వెళ్ళేసరికి మధ్య సైకిలు ఖాళీగా ఉంది.

"అప్పారావు గారు ఇక రారమ్మా. మళ్ళీ స్ట్రోకొచ్చింది," అన్నారు విమల గారు.

ఎవరికోసం ఎక్కాలి, ఎందుకు ఎక్కాలి అనిపించింది. ధైర్యం వచ్చి ఎక్కానని చెప్పను. ఇంట్లో గోడవైపు తిరిగి ఏడవడం కన్నా, అక్కడ నలుగురి మధ్య ఏడుస్తూ తొక్కడం నయమనిపించింది. ఏడుస్తూనే తొక్కాను. ఎవరూ ఏమీ అడగలేదు.

మెల్లగా నడక వచ్చింది. జబ్బుపడ్డ పద్నాలుగు నెలలకి ఆఫీసులో మళ్ళీ చేరాను. ఇప్పటికీ ఎడమ పాదం పూర్తిగా పైకి లేవదు. బూటులో పాదాన్ని ఎత్తిపట్టే ప్లాస్టిక్ స్ప్లింట్ పెట్టుకుని, కర్రతో నడుస్తాను. మెట్లు చూస్తే ఇంకా గోడ వెతుక్కుంటాను. కొన్ని రోజులు ఏడుపూ వస్తుంది.

విమల గారు అడిగారని, సెలవురోజు క్లాసుకి వెళ్ళి కొత్తవాళ్ళ పక్కన కూర్చుంటున్నాను. పోయినవారం తణుకు దగ్గర్నించి ఒక రైతు కుటుంబంలో ఆవిడ వచ్చింది. కొంగు నిండా కప్పుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నాకు సిగ్గేస్తోందండి. రేపొస్తానండి."

"ఇవాళ ఎక్కకండి. నా పక్కన కూర్చుని చూడండి చాలు," అన్నాను. గంటసేపు కూర్చుంది. వెళ్ళేముందు హ్యాండిల్ ఒకసారి పట్టుకుని చూసింది. మర్నాడు పొద్దున తొమ్మిదికి ముందే వచ్చిందని విమల గారు ఫోన్ చేసి చెప్పారు.

మీలో ఎవరైనా అలాంటి గుమ్మంలో నిలబడి ఉంటే నేను చెప్పేది ఒక్కటే. ఎక్కిన రోజున, ఇంకాస్త తొక్కగలను అనిపిస్తుండగానే దిగిపోండి. మిగిలిన ఆ కాస్త ఓపికా మర్నాడు మిమ్మల్ని మళ్ళీ గుమ్మం దాటించడానికి కావాలి.