కట్టేసిన కాలవలో షికారు

ఏటా వేసవిలో కాలవ కట్టేసి, అడుగున పేరుకున్న ఒండ్రంతా తవ్వి గట్టు మీది బండిదారిలోనే పోసేవారు. సాయంత్రం ఆ దారిన నరసాపురం వైపు షికారు వెళ్ళడమే రోజంతటికీ నాకున్న ఒక్క సుఖం. ఒక యేడు ఓ సాయంత్రం మావారు అరుగు మీద పత్రిక పట్టుకుని దక్షిణాఫ్రికా యుద్ధం గురించి బెంగపడుతున్నారు.

“మన గట్టు సంగతేమైనా రాశారా అండీ?” అన్నాను.

“గట్టు సంగతి ఎవడు రాస్తాడే!”

ఒళ్ళు మండి బండి కట్టించాను. గట్టెక్కగానే చక్రాలు ఒండ్రులో దిగబడ్డాయి. బండిని ఎండిన కాలవలోకే దింపించాను. పని చేయిస్తున్న ఓవర్సీరు పరుగెత్తుకొచ్చాడు.

“అమ్మగారూ, అది కాలవండీ!”

“మీరు మట్టి పోసింది రోడ్డు కాదటండీ? అది ఖాళీ చేయించండి, ఇది నేను ఖాళీ చేస్తాను.”

గట్టు ఖాళీ కాలేదు. నీళ్ళు వదిలేదాకా నా షికారు కాలవలోనే సాగింది.